ఒక్క ట్యాంకు దూరము

మోటారు కారు కొనదలచిన ప్రతి గృహస్థుడును ముందుగా అడుగు ప్రశ్నలు రెండు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చుననునది మొదటిది. ట్యాంకు ఒకసారి నింపినచో ఎంతదూరము పోవచ్చుననునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము యంత్రనిర్మాతలు చెప్పగలరు. రెండవ ప్రశ్నకు సమాధానము యంత్రమునందు సగమే కలదు. తక్కిన సగము ఆ యంత్రము సంచరించు బాటయందును, ఆ బాటవెంటనున్న ఊళ్లయందును, ఆ ఊళ్లలో బాటసారికి చేయూతనిచ్చు వర్తకుల, పనివారల యందును కలదు. మోటారు వాహనముల చరిత్రను ఆదినుండి పరికించువారికి ఈ సత్యము అడుగడుగునను గోచరించును.

జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణమునందు కార్ల్ బెంజ్ అను ఇంజనీరు తాను నిర్మించిన మూడుచక్రముల మోటారు బండికి 1886 జనవరి 29వ తేదీన పేటెంటు కోరెను. గుఱ్ఱము లేని బండి ఊరి వీధులు దాటి దూరప్రయాణము చేయగలదని లోకము విశ్వసించుటకు అది చాలలేదు. ఆ విశ్వాసము కలిగించిన ఘనత ఆతని భార్య బెర్తాకు చెందినది. 1888 ఆగస్టు మాసములో ఒకనాటి వేకువజామున, భర్తకు ముందుగా తెలుపకయే, ఆమె తన యిద్దరు కుమారులను వెంటగొని, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునందున్న ఫోర్‌ట్స్‌హైమ్‌లోని పుట్టినింటికి ఆ బండిమీద బయలుదేరినది.

ఆ బండికి నేటి కార్లకువలె ప్రత్యేకమైన ట్యాంకు లేదు. ఇంధనమంతయు కార్బురేటరులోనే నిలువయుండెడిది. దానిలో పట్టునది సుమారు నాలుగున్నర లీటర్లు మాత్రమే. గమ్యము చేరుటకు అది చాలదు. అప్పటికి పెట్రోలు బంకు అనునది ప్రపంచమున ఎక్కడను లేదు. అందుచేత బెర్తా వీస్‌లోఖ్ అను చిన్న ఊరిలో మందుల దుకాణమునకు పోయి, బట్టల మరకలు పోగొట్టుటకై అమ్ముచుండిన లిగ్రోయిన్ అను తైలమును కొని బండిలో పోయించినది. ఆ దుకాణమే ప్రపంచములోని మొట్టమొదటి పెట్రోలు బంకని నేటికిని కీర్తింపబడుచున్నది. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా ఆమె తన టోపీసూదితో దానిని శుభ్రపరచినది. సాగిన గొలుసును ఒక కమ్మరి సవరించెను. అరిగిన బ్రేకు చెక్కలకు ఒక చర్మకారుడు తోలు తాపడము చేసెను. యంత్రమును చల్లబరచుటకు దారిపొడవునను నీరు పోయవలసివచ్చెను. ఎత్తు మెట్టలయందు బండిని నెట్టవలసివచ్చెను. సాయంకాలమునకు తల్లీబిడ్డలు గమ్యము చేరి కార్ల్‌కు తంతి పంపిరి. మెట్టలెక్కుటకై బండికి మరియొక గేరు చేర్చుట ఈ యాత్రాఫలమే. కావున ఆ ప్రయాణమును ఒక్క యంత్రము యొక్క విజయమనుట న్యాయము కాదు. మందుల వర్తకుడును, కమ్మరియు, చర్మకారుడును అందు పాలుపంచుకొనిరి.

బాటవెంట ఇట్టి సాహాయ్యము లేనిచోట యంత్రబలము ఎట్లు నిష్ఫలమగునో 1907వ సంవత్సరపు పెకింగు-పారిసు పందెము లోకమునకు చాటినది. జూన్ 10వ తేదీన అయిదు వాహనములు పెకింగునుండి బయలుదేరినవి. ముందుదారి గోబీ ఎడారి. అచట రోడ్డును లేదు, ఇంధనమమ్ము అంగడియు లేదు. అందుచేత ఒంటెల బిడారులపై పెట్రోలును ముందుగా పంపి, మార్గమధ్యమున నిలువచేయించిరి. ఇటలీ దేశపు రాకుమారుడు షిపియోనె బోర్గేజె తన ఇటాలా కారుకు పెద్ద ట్యాంకులు అమర్చుకొనుటయే కాక, దారిలోని నిలువల విషయమున మిక్కిలి శ్రద్ధ వహించి, ఆగస్టు 10వ తేదీన తొలివాడై పారిసు ప్రవేశించెను. ఓగుస్త్ పోన్స్ అను ఫ్రెంచివాని చిన్న మూడుచక్రముల బండి మాత్రము ఇంధనము లేక ఎడారిలో నిలిచిపోయెను. దప్పికచే ప్రాణాపాయస్థితి నొందిన ఆతనిని, ఆతని సహచరుని ఆ ప్రాంతపు సంచారజాతివారు ఆదుకొనిరి. అతినూతనమైన మోటారు బండికి అతిప్రాచీనమైన ఒంటె ఆధారమైనది. నాగరకులమని తలచినవారికి గుడారవాసులు ప్రాణదాతలైరి.

ఈ కొరతను తీర్చిన ఉపాయము అమెరికా దేశమున క్రమముగా రూపొందినది. 1885లో ఇండియానా రాష్ట్రపు ఫోర్ట్ వేన్ పట్టణములో సిల్వేనస్ బౌసర్ అనునతడు కిరోసిన్ కొలిచిపోయుటకై ఒక పంపును నిర్మించి కిరాణా వర్తకునికి అమ్మెను. ఆ పంపే కాలాంతరమున పెట్రోలు పంపుగా పరిణమించెను. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారుకు ముందు సీటుక్రింద ట్యాంకు ఉండెడిది. అందు సుమారు 38 లీటర్లు పట్టెడిది. ఫోర్డు సంస్థ ప్రకటించిన లెక్కనుబట్టి ఒక్క ట్యాంకుతో ఆ కారు ఇంచుమించు 210 మొదలు 340 కిలోమీటర్ల వరకు పోగలదు. అయితే పెట్రోలు తన బరువుచేతనే క్రిందికి ప్రవహించి యంత్రమును చేరవలసియుండుటచే, ట్యాంకులో కొంచెమే మిగిలినప్పుడు నిటారైన మెట్టలెక్కుట దుస్సాధ్యమయ్యెడిది. అట్టి చోట్ల కారును వెనుకకు త్రిప్పి రివర్సు గేరులో ఎక్కించెడివారు. ఎంత మిగిలినదో తెలియుటకు సీటు తీసి, ట్యాంకులో పుల్ల ముంచి చూచుకొనెడివారు. 1913 డిసెంబరు 1వ తేదీన పిట్స్‌బర్గ్ నగరములో గల్ఫ్ సంస్థ కార్లు లోనికి వచ్చి నిలుచుటకు అనువైన బంకు నొకదానిని ప్రత్యేకముగా నిర్మించి తెరచినది. అది మొదలుకొని ఇట్టి బంకులు దేశమంతటను వెలయగా, ప్రయాణికుని దిగులు క్రమముగా తగ్గెను.

ఇంధనము అడుగంటినపుడు డ్రైవరును హెచ్చరించుట కొఱకు పూర్వులు చేసిన ఏర్పాట్లును స్మరింపదగినవే. జర్మనీ దేశపు ఫోక్స్‌వాగెన్ బీటిల్ కారుకు చాలకాలము పెట్రోలు ముల్లు లేదు. ఇంజను తడబడినంతనే కాలితో ఒక మీటను త్రిప్పినచో, ట్యాంకు అడుగున మిగిలియున్న కొద్దిపాటి ఇంధనము యంత్రమున కందెడిది. మన స్కూటర్లకును మోటారు సైకిళ్లకును ఉండిన ‘రిజర్వు’ మీట ఈ పద్ధతికి చెందినదే. బండి రిజర్వులో పడినదనగానే, తరువాతి బంకు ఎంతదూరమున నున్నదో లెక్కించుకొనుట తెలుగునాట పెక్కు కుటుంబములకు అనుభవైకవేద్యము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు రేషను విధింపబడగా, మనదేశమున బస్సులు బొగ్గు నాశ్రయించినవి. బస్సునకు అమర్చిన కొలిమిలో బొగ్గును పరిమితమైన గాలితో కాల్చి, అందుండి పుట్టిన వాయువుతో ఇంజనును నడిపెడివారు. ఆ వాయువునకు పెట్రోలునకున్న బలము లేదు. కొలిమి రాజుకొనువరకు బస్సు కదలదు. బూడిద తీయుటకును, బొగ్గు నింపుటకును నడుమనడుమ ఆగక తప్పదు. నాడు ప్రయాణపు దూరమును నిర్ణయించినది బొగ్గు సంచులును, మసిబారిన చేతులతో కొలిమిని కాపాడిన పనివారి ఓర్పును. స్వాతంత్ర్యానంతరము 1957లో విశాఖపట్టణమున కాల్టెక్స్ సంస్థ చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పుటతో, తెలుగుదేశపు తీరముననే పెట్రోలు తయారగుట ఆరంభమైనది.

విద్యుత్తుతో నడచు కార్లు వచ్చిన ఈ కాలమున ఆ పాత ప్రశ్నయే మరల తలయెత్తుచున్నది. ఒకసారి బ్యాటరీ నింపిన ఎంతదూరము పోవచ్చునని కొనువారు శంకించుచున్నారు. నిర్మాతలు మరింత పెద్ద బ్యాటరీలను చూపి ధైర్యము చెప్పుచున్నారు. బ్యాటరీ పెద్దదగుట మేలే. కాని దారిపొడవునను ఛార్జింగు వసతియు, బండి చెడినపుడు బాగుచేయగల మెకానిక్కును లేనిచో ఆ ధైర్యము చాలదు. కావున మోటారు చరిత్రను వ్రాయువారు యంత్రనిర్మాతల పేళ్లతో తృప్తినొందక, అర్ధరాత్రివేళ బంకు తెరచి ఉంచిన పనివానిని, రోడ్డుప్రక్క రేకుల పాకలో ఇంజను విప్పి బిగించిన మెకానిక్కును, బొగ్గు కొలిమి యొద్ద మగ్గిన క్లీనరును తమ గ్రంథములయందు నిలుపవలెను. బాటసారి ఎంతదూరము పోగలిగెనో నిర్ణయించినవారిలో వారును సమానులు. ఆ గౌరవము వారికి ఋణముగా మిగిలియున్నది.