రాకాసులు కట్టలేదు

సున్నం లేకుండా రాయి మీద రాయి నిలపడం మన ప్రాంతంలో చాలా పాత విద్య. తాడ్వాయి మండలం దామరవాయి గుట్టల మీద బండపలకలతో కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు భూపాలపల్లి జిల్లాలోదే. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. రాకాసులు కట్టారంటే, కట్టిన మనుషులు మాయమవుతారు. పైకప్పు బండను ఎక్కించడం ఒక్కరి వల్ల కాదు. పదిమంది కలిసి పట్టాలి.

13వ శతాబ్దంలో గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి పూర్తిచేసిన ఓరుగల్లు రాతికోట గోడలోనూ రాళ్ల మధ్య సున్నం లేదు. జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోటను మొగలు సేన కూలగొడితే, మళ్లీ ఇంకా గట్టిగా కట్టారు. పాలించినవారి పేర్లు మిగిలాయి, రాళ్లు మోసినవారివి మిగల్లేదు.

ఈ పని చూసి, చేసి నేర్చుకునేది. పెద్దరాళ్లు అడుగున వేయాలి. కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు రాకూడదు. అక్కడక్కడా పొడవాటి రాయి అడ్డంగా వేస్తే గోడ రెండు ముఖాలనూ పట్టి ఉంచుతుంది. సందుల్లో చిన్నరాళ్లు బిగించాలి. వాననీరు ఆ సందుల్లోంచే పోతుంది, గోడ ఉబ్బదు. చెరువుకట్ట లోపలి వాలుకు పేర్చే రాయిదీ ఇదే లెక్క.

మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా, మీ ఊళ్లో రాతిగట్టు ఉంటే పిల్లలను తీసుకెళ్లండి. వడ్డెర పెద్దలనూ, మన పెద్దలనూ అడిగి, కట్టినవారి పేర్లు రాయించండి. వాళ్లు పోతే మిగిలేది మళ్లీ రాకాసుల కథే.