తయారీ చరిత్ర – మరమ్మతు చరిత్ర: సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం – ఒక పరిశీలన

ప్రవేశిక

హైదరాబాదు నుంచి ముంబయి వైపు సాగే జాతీయ రహదారి వెంట తెలంగాణ పారిశ్రామిక చరిత్రలోని అనేక దశలు కనిపిస్తాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., పటాన్‌చెరు పారిశ్రామిక వాడ, సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం, జహీరాబాదులో మహీంద్రా వాహన కర్మాగారం ఈ దారిలోనే ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని గురించిన చర్చ ప్రధానంగా ఉత్పత్తి, ఉపాధి, కాలుష్యం అనే అంశాల చుట్టూ సాగింది. కర్మాగారం గేటు దాటిన వాహనాన్ని ఏళ్ల తరబడి నడిపించిన మరమ్మతు జ్ఞానం కూడా పారిశ్రామిక చరిత్రలో భాగమేనని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆల్విన్ నుంచి జహీరాబాదు వరకు

1932లో నిజాం రైల్వే ఆధ్వర్యంలో రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైంది. 1942లో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సుల బాడీల నిర్మాణంలో పేరు పొందింది. 1980లలో జపాను కంపెనీలు భారతీయ సంస్థలతో కలిసి తేలికపాటి ట్రక్కుల తయారీకి పూనుకున్నాయి. అప్పుడే ఆల్విన్ నిస్సాన్ జహీరాబాదులో క్యాబ్‌స్టార్ ట్రక్కులను తయారు చేసింది. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా చేతికి వచ్చింది.

యాజమాన్యాలు మారతాయి, నమూనాల తయారీ ఆగిపోతుంది. అమ్ముడైన బండ్లు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి. వాటి విడిభాగాల సమస్య అప్పటినుంచి మెకానిక్ షెడ్డుదే.

కన్ను, చెవి, చేయి

కార్బురేటర్ కాలంలో లోపనిర్ధారణ ఇంద్రియజ్ఞానం మీద ఆధారపడేది. స్పార్క్ ప్లగ్గు కొన గోధుమరంగులో ఉంటే ఇంజను సవ్యంగా ఉన్నట్లు. పొడిమసి పట్టితే పెట్రోలు పాలు ఎక్కువైనట్లు, తెల్లబడితే గాలి పాలు పెరిగినట్లు లేదా ఇంజను అతిగా వేడెక్కినట్లు లెక్క. నూనెతో తడిసి ఉంటే పిస్టన్ రింగులను అనుమానించాలి. అప్పుడు కొత్త ప్లగ్గు వేసినా అదీ తడుస్తుంది. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే హైడ్రోమీటరుతో ఆమ్ల సాంద్రతను కొలవాలి. పూర్తి చార్జిలో అది సుమారు 1.26 నుంచి 1.28 ఉంటుంది. బ్యాటరీ బాగానే ఉంటే ఆల్టర్నేటరునో వదులైన బెల్టునో చూడాలి. బ్రేకు పెడలు మెత్తగా దిగితే గొట్టాలలో గాలి చేరిందా, ద్రవం కారుతోందా అని పరిశీలించాలి.

ఈ ఉదాహరణలన్నింటిలో ఒకే సూత్రం ఉంది: భాగాన్ని మార్చడానికి ముందు అది ఎందుకు చెడిందో తెలియాలి. ఈ విద్య పుస్తకాల కన్నా ఉస్తాదు పక్కన పానా అందిస్తూ గడిపిన సంవత్సరాలలోనే ఎక్కువగా అబ్బింది. అందువల్లనే దానికి లిఖిత ఆధారాలు తక్కువ.

నిర్ధారణాధికారం చేతులు మారడం

ఉద్గార నియమాలు కఠినమైన కొద్దీ కార్బురేటర్ స్థానంలో ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. భారత్ స్టేజ్–4 వాహనాలకు 2010 నుంచి, మరింత విస్తృత రూపంలో 2013 నుంచి, వాహనంలోనే లోపాలను గుర్తించే వ్యవస్థ తప్పనిసరి అయింది. దానితో స్కానరు ప్రాధాన్యం పెరిగింది. అయితే కోడ్ లక్షణాన్ని చెబుతుందే తప్ప కారణాన్ని చెప్పదు. గాలి పాలు ఎక్కువైందని కోడ్ వస్తే పగిలిన గొట్టం, బలహీనపడిన ఇంధన పంపు, చెడిన సెన్సర్ – వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పాత తర్కం అవసరం తీరలేదు. కానీ సాఫ్ట్‌వేరు, సర్వీసు సమాచారం కంపెనీ అధీనంలో ఉంటే చిన్న షెడ్డు ఆ తర్కాన్ని ప్రయోగించే అవకాశమే కోల్పోతుంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై నియమించిన కమిటీ పరిశీలనలో మోటారు వాహనాల రంగాన్ని చేర్చడం ఈ ప్రశ్న ప్రాముఖ్యాన్ని తెలుపుతుంది.

ముగింపు

డిపోల జాబ్ కార్డులు, విడిభాగాల బిల్లులు, లేత్ షాపుల లెక్కలు ఈ చరిత్రకు ఆధారాలు కాగలవు. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడక ముందటి రికార్డులను మెదక్ జిల్లా పేరుతో వెతకాలి. వీటికన్నా తొందరగా చేయవలసింది కార్బురేటర్ కాలపు మెకానిక్‌ల మౌఖిక కథనాల సేకరణ. కాగితాలు కొంతకాలం నిలుస్తాయి, చేతిలోని విద్య మనిషితోనే పోతుంది.