కాకినాడ కోచింగ్

నాకు తెలిసిన కోచింగల్లా ఎంసెట్‌దే. అర్దియా ఆఫీసులో టీమ్ లీడయ్యాక, జూనియర్ల కోడంతా రాత్రిళ్ళు కూర్చుని నేనే తిరగరాస్తుంటే, విసిగిపోయి ఒక కుర్రాడు మానేశాడు. అప్పుడు నాకో కోచ్‌ని పెట్టారు. ఆయన పాఠాలేం చెప్పలేదు. "మరి వాళ్ళెప్పుడు నేర్చుకుంటారు?" అనడిగాడంతే.

ఇదేదో అమెరికా ఫ్యాషన్ అనుకున్నా. తీరా చదివితే, దీనికి దగ్గరి ప్రయత్నమొకటి 1964లోనే మన కాకినాడవాళ్ళతో మొదలైంది! హార్వర్డ్ సైకాలజిస్టు మెక్‌క్లెలండ్ బృందం 52 మంది వ్యాపారులకి, హైదరాబాదు సియెట్ సంస్థలో, బ్యాచీలవారీగా 10 రోజుల శిక్షణ ఇప్పించింది. డబ్బు సాయమేం లేదు. తమ గురించి తామే ఆలోచించుకుని, ఎవరి లక్ష్యం వాళ్ళే పెట్టుకోవాలి. ఆ ఫలితాలతో 1969లో పుస్తకమొచ్చింది. శిక్షణ లేనివాళ్ళకన్నా వీళ్ళే కొత్త పనుల్లోకి ఎక్కువ చొరవగా దిగారట.

నిన్న రాత్రి నేను కోడు ముట్టుకోలేదు. పక్కన ఒక ప్రశ్న రాసి పడుకున్నా.