ఏడుపుకో గడువు, పోయినవాళ్లకో చోటు

పాడె శ్మశానం చేరకముందే దారిలో ఒకచోట దించుతారు. కొడుకో, దగ్గరి బంధువో వంగి, శవం చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. నాడి చూసి చెప్పే వైద్యుడు ఊళ్లో లేని కాలంలో, ప్రాణం ఇంకా మిగిలి ఉందేమో చూసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటిది అని పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆసుపత్రి కాగితం చేతిలో ఉన్నా దింపుడు కళ్లం దగ్గర ఆగుతూనే ఉన్నారు. జవాబు రాదని పిలిచేవాడికి తెలుసు. అయినా ఆ పిలుపు తన వంతు పని అని అతనికి ఊరు చెప్పింది, అతను చేస్తాడు. తెలుగునాట చావు చుట్టూ మూడు వేల ఏళ్లుగా పేరుకున్న నమ్మకాలన్నీ దుఃఖంలో ఉన్న మనిషికి ఇలా ఏదో ఒక పని అప్పగిస్తూ వచ్చాయి. ఆ పని ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే ఈ చరిత్రలో అసలు కథ.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట చుట్టుపక్కల అడవుల్లో బండ పలకలతో కట్టిన సమాధులు వందల కొద్దీ ఉన్నాయి. ఊళ్లవాళ్లు వాటిని రాకాసి గుళ్లంటారు. మామూలు మనుషులు అంత బరువు ఎత్తలేరన్నది వాళ్ల ఊహ. ఇనుప యుగపు సమాధుల్లో ఎముకలతో పాటు నలుపు ఎరుపు కుండలు, కత్తులు, పూసలు దొరుకుతాయి. పోయినవాడికి అవతల కూడా తిండి కావాలి, ఆయుధం కావాలి అనుకున్నవాళ్లే అవి పెట్టి ఉంటారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో అదే సంస్కృతికి చెందిన నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వాటిలో ఒక రాయిని ఎల్లమ్మగా ఇప్పటికీ కొలుస్తున్నారు. ఆ రాళ్లు నిలబెట్టినవాళ్ల భాష ఏమిటో తెలియకపోయినా మొక్కు మాత్రం తెగలేదు.

బౌద్ధం వచ్చాక అస్థికలకు కొత్త గౌరవం దక్కింది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి తీసిన ధాతుపేటికలు, వాటి మీది బ్రాహ్మీ రాతలు అందుకు సాక్ష్యం. అయితే ఆ గౌరవం బుద్ధుడి దగ్గరే ఆగిపోలేదు. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకులు పోయినవారి పేర ఛాయాస్తంభాలు నిలిపారు. శాంతమూలుడి స్తంభం ఎత్తించింది ఆయన తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు. రాజు జీవితంలోని ఘట్టాలను దాని మీద చెక్కించారు. సేనానులకు, మామూలు సైనికులకు, చివరికి పనివాళ్ల పెద్దకు కూడా అలాంటి స్తంభాలు దక్కాయి. ఇంటి ఆడవాళ్ల దుఃఖం శాసనంగా నిలిచిన తొలి ఉదాహరణల్లో తెలుగునాట ఇదొకటి. ఇంతకంటే ఎక్కువ శ్రద్ధతో చదవదగిన రాళ్లు మనకు అట్టే లేవు.

యుద్ధంలో పోయినవాడిని వీరగల్లుగా నిలబెట్టే ఆచారం తర్వాతి శతాబ్దాల్లో ఊరూరా పాకింది. దాని పూర్తి రూపం చూడాలంటే కార్తీక అమావాస్యకు పల్నాడులోని కారంపూడి వెళ్లాలి. 12వ శతాబ్దపు అన్నదమ్ముల పోరులో రెండు వైపులా చచ్చినవాళ్లను అక్కడ ఏటా అయిదు రోజులు తలుచుకుంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు: యుద్ధం ఎలా నడిచిందో ఉత్సవం అలా నడుస్తుంది. వీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను ఎత్తుకుని ఊళ్ల నుంచి ఆచారవంతులు వస్తారు. నాగులేటిలో స్నానాలవుతాయి. మందపోరు రోజున, ఆ పోరు నాయకుల్లో ఒకడైన బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూడును గుర్తు చేసుకుంటూ కులభేదం లేకుండా కలిసి తింటారు. కథ పాడేది వీరవిద్యావంతులు, మాల కులపు గాయకులు. ద్విపద కావ్యంగా శ్రీనాథుడి పేర నిలిచిన కథకు అసలు ఊపిరి వాళ్ల గొంతులే. ఊరంతా కలిసి ఎనిమిది వందల ఏళ్లుగా ఒకే చావును ఏడుస్తోంది, ఆ ఏడుపులో అందరికీ తలా ఒక పని ఉంది.

మేడారంలోనూ పునాది చావే. కాకతీయ సైన్యంతో పోరాడి సమ్మక్క కుటుంబం నేలకొరిగిందని కోయల కథ. ఆమె కొడుకు జంపన్న దూకి ప్రాణం తీసుకున్నాడని చెప్పే వాగులో భక్తులు మునుగుతారు. చిలకలగుట్టకు నడిచి వెళ్లి కనిపించకుండా పోయిన తల్లిని కుంకుమ భరిణె రూపంలో కోయ పూజారులైన వడ్డెలు గద్దెకు తెస్తారు. బిడ్డలను పోగొట్టుకుని, తానూ పోయిన ఆడమనిషికి రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల మంది తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు. ఓడినవాళ్ల దుఃఖం గెలిచినవాళ్ల రాజ్యంకంటే ఎక్కువ కాలం నిలిచిన చోటు అది.

వీరులకు, దేవతలకు ఇంత చోటు దొరికింది. మామూలు ఇంట్లో మామూలు చావు సంగతి వేరు.

వైదిక కర్మకాండ ఆ ఇంటికి పది రోజుల లెక్క ఇచ్చింది. రోజుకో పిండం పోయినవాడికి ఒక్కో అవయవాన్ని కూరుస్తుందని, పన్నెండో రోజు సపిండీకరణతో అతను మూడు తరాల పితరులతో కలుస్తాడని గరుడపురాణం చెబుతుంది. అంతవరకు అతను ప్రేతం, ఇల్లు మైల. ఇంట్లో పొయ్యి వెలగదు, బంధువులు వండి తెస్తారు. పరామర్శకు వచ్చినవాళ్లు 'వెళ్లొస్తాం' అనకుండా లేచి వెళ్తారు. ఆ తర్వాత మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం, ఏటేటా తద్దినం. ఈ లెక్కలోని గొప్పతనం ఎవరైనా ఒప్పుకోవాలి. ఏ దుఃఖం ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ రేపు తెల్లవారి ఏం చేయాలో మాత్రం ఆ ఇంటివాళ్లకు తెలుస్తుంది. పోయినవాడు మాయమైపోడు, తండ్రి, తాత, ముత్తాతల వరుసలో చేరతాడు. పోయినవాళ్లతో బంధం కొనసాగించడం దుఃఖితుడికి రోగం కాదని అమెరికన్ పండితుడు డెనిస్ క్లాస్, ఆయన సహచరులు 1996లో ఒక పుస్తకంగా తెచ్చినప్పుడు పాశ్చాత్య మనస్తత్వశాస్త్రానికి అది కొత్త మాట. తద్దినం పెట్టే ఇంటికి అది పాత సంగతే.

కానీ ఆ లెక్కలో మెలికలున్నాయి. మనుస్మృతి మైలను బ్రాహ్మణుడికి పది రోజులు, శూద్రుడికి నెల అంది. ఏడ్చినవాళ్ల కన్నీళ్లను, చీమిడిని ప్రేతం తాగవలసి వస్తుంది కాబట్టి ఏడవకూడదని యాజ్ఞవల్క్యస్మృతి హెచ్చరించింది. ఆడవాళ్లు ఆ మాట వినలేదు, వినకపోవడమే మంచిదైంది. శవం చుట్టూ కూర్చుని పోయినవాడి గుణాలు, చేసిన మేళ్లు, మిగిల్చిన అప్పులు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ రాగం తీసి చెప్పే శోకాలు తెలుగు పల్లెల్లో ఈ తరందాకా వినిపించాయి. ఇంటాయన గురించి నలుగురిలో ఎన్నడూ నోరెత్తని మనిషికి ఆ ఒక్క రోజు మాట దొరికేది. బ్రాహ్మణేతర ఇళ్లలో పురోహితుడి మంత్రం లేని చోట జంగందేవర శంఖం ఊదాడు, మాలదాసరి పాడాడు. శాస్త్రం పక్కనే ఇంకో ఆచారం ఎప్పుడూ నడుస్తూ ఉంది.

శాస్త్రాన్ని నేరుగా ఎదిరించింది మాత్రం వీరశైవులు. 12వ శతాబ్దంలో బసవడి అనుయాయులు సూతకాలు లేవన్నారు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంతో ఆ మతాన్ని తెలుగులో నిలబెట్టాడు. లింగధారి చనిపోతే శివైక్యం చెందినట్టు. అరచేతిలో ఇష్టలింగం ఉంచి, పద్మాసనంలో కూర్చోబెట్టి, విభూతితో మారేడు పత్రితో సమాధి చేస్తారు. ప్రేతం లేదు, మైల లేదు, అందువల్ల భయం కూడా తక్కువ. మరణం గురించిన నమ్మకం మారితే చనిపోయినవాడి చుట్టూ కూర్చునే తీరే మారిపోతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

విధవ సంగతికి వస్తే, ఆ లెక్క దారుణంగా తప్పింది. కొడుకు మైల పన్నెండో రోజుకు తీరుతుంది. భార్య మైల చచ్చేదాకా తీరదు. పదో రోజు తెల్లవారకముందే గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, బ్రాహ్మణ కుటుంబాల్లో తల కూడా గొరిగించేవాళ్లు. ఏడుపుకు గడువు పెట్టిన ధర్మమే ఆమె దుఃఖాన్ని శిక్షగా మార్చి ఒంటి మీద అచ్చువేసింది. భార్య పోయిన మగవాడికి అలాంటి గుర్తేదీ లేదు. భార్య వరలక్ష్మి కోసం విశ్వనాథ సత్యనారాయణ 'వరలక్ష్మీ త్రిశతి' రాశాడు. ఆయన దుఃఖం పద్యాలైంది, భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు అది వంటింటి మూల అయింది. చితి మీదికి వెళ్లిన ఆడదాన్ని మాత్రం పేరంటాలుగా, దేవతగా నిలబెట్టారు. కదిరి దగ్గరి తిమ్మమ్మ 1434లో భర్త చితి ఎక్కిందని, ఆ చోటనే మర్రి మొలిచిందని చెబుతారు. ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని నీడ ఎంత పెద్దదైనా కింద జరిగింది మరిచిపోకూడదు. మద్రాసు రాజధానిలో సతిని 1830లో నిషేధించారు. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. గాజులు పగలగొట్టే తంతు మాత్రం చట్టాలకు లొంగలేదు. పొరుగు మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామసభ దాన్ని మానెయ్యాలని 2022 మేలో తీర్మానించవలసి వచ్చిందంటే ఎంత బలంగా నాటుకుందో తెలుస్తుంది.

కలిగినవాళ్లు తమ పితరుల కోసం దూరాలు నడిచారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పరివారంతో బయలుదేరి, ప్రయాగ, కాశీ, గయ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన మరణం తర్వాత 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీలు, రేవులు, కూలీలు, పండాలు అన్నీ ఉన్నాయి. పితృకార్యం కోసం ఒక మనిషి పదిహేను నెలలు దారిలోనే గడపడం ఆ కాలానికి వింత కాదు. రైలు వచ్చాక ఆ దారి మధ్యతరగతికీ తెరుచుకుంది.

పోలేనివాళ్లకు ఊళ్లోనే పండగలున్నాయి. కోస్తాలో సంక్రాంతి నాడు పెద్దలకు కొత్త బట్టలు, పిండివంటలు పెడతారు. తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. ఆ పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. కరీంనగర్ కార్ఖానాగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని శ్మశానంలోనే చేసుకుంటాయి. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైన వంటకం పెట్టి, పక్కనే పిల్లలు టపాసులు కాలుస్తారు.

ఇతరుల దుఃఖాన్ని తనదిగా చేసుకోవడంలో తెలుగు పల్లె చేయి పెద్దది. కర్బలాలో 680లో ఇమామ్ హుస్సేన్ చనిపోయిన దుఃఖం కుతుబ్‌షాహీల ద్వారా ఇక్కడికి వచ్చింది. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే బాద్షాహీ అషూర్‌ఖానా వెలిసింది. ఫాతిమా బీబీకి చివరి స్నానం చేయించిన పలకలోని ముక్క ఉందని నమ్మే బీబీ కా ఆలంను మొహర్రం పదో రోజున ఏనుగు మీద ఊరేగిస్తారు. ఊళ్లకు వచ్చేసరికి అది పీర్ల పండగ అయింది. పీర్లను ఎత్తుకునేవాళ్లలో, గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులు ఎందరో. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర ఆ కలయిక ఇప్పటికీ చూడొచ్చు.

క్రైస్తవం మరో దారి పట్టింది. 1876-78 కరువు ఊళ్లను తుడిచిపెట్టిన వెంటనే, 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో జాన్ క్లౌ మిషన్ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి చావులకు డప్పు కొట్టడమే తప్ప తమ చావుకు ఊరు రాని మనుషులు వాళ్లు. కొత్త మతం వాళ్లకు పెట్టె, పాట, భూస్థాపన కూడిక, ఆదరణ కూడిక ఇచ్చింది. పోయినవాళ్లు ప్రభువునందు నిద్రించారు, మళ్లీ కలుస్తారు. నవంబరు 2న సమాధుల పండగకు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చేవాళ్లలో పేరు చెక్కిన రాయి తమ తాతకు దక్కిందన్న తృప్తి ఉంటుంది, దాన్ని చిన్నది అనుకోవడానికి లేదు. డప్పు కథ అక్కడితో ఆగలేదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే వాద్యాన్ని ఆత్మగౌరవ గుర్తుగా ఎత్తుకుంది. వెట్టిగా చావు డప్పు కొట్టబోమన్న ఊళ్లూ ఉన్నాయి.

దూరం, తర్వాత రోగం కలిసి ఈ పద్ధతులన్నింటినీ పరీక్షకు పెట్టాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు అక్కడే చనిపోతే పెట్టె శంషాబాద్ చేరడానికి వారాలు పడుతుంది. చావు కబురు తెలిసింది, శవం లేదు, ఏడుపు మొదలైంది, కర్మ మొదలు కాలేదు. దేశాంతరంలో పోయినవాడికి మోదుగ ఆకులతో బొమ్మ చేసి దహనం చేయమన్న పాత విధి ఇలాంటి వాళ్ల కోసం పుట్టిందే. 2020 కరోనా లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్నారు. సంచిలో చుట్టిన శవాన్ని పురపాలక సిబ్బంది కాల్చారు. ముఖం చూడలేదు, చెవిలో పిలవలేదు, ఒంటికి నీళ్లు పోయలేదు. ఆ ఇళ్లలో పెద్దకర్మ ఫోన్ తెర మీద జరిగింది. కొన్నిచోట్ల కొడుకు క్వారంటైన్‌లో ఉంటే కూతురు తలకొరివి పెట్టింది. అంతకుముందు వార్తయ్యే ఆ సంగతి తర్వాత మెల్లగా మామూలవుతోంది. పట్టణాల్లో కొందరు మంత్రం బదులు కళ్లు, దేహం దానమిచ్చి సంస్మరణ సభతో సరిపెట్టుకుంటున్నారు.

లాక్‌డౌన్‌లో తీరని పని ఇప్పటికీ కొన్ని ఇళ్లలో మిగిలే ఉంది. గోదావరికి గత పుష్కరం 2015లో వచ్చింది, తర్వాతిది 2027లో. కరోనాలో పోయినవాళ్లకు అదే మొదటి గోదావరి పుష్కరం. రేవులో పిండం పెట్టేటప్పుడు తల్లిదండ్రులతో మొదలుపెట్టి మేనమామ, అత్త, గురువు, స్నేహితుడు, పిల్లలు లేకుండా పోయినవాళ్ల దాకా ఒక్కో పేరూ గోత్రంతో చెప్పించడం పురోహితుడి పద్ధతి.