కాంట్రా: కథ తెలియని ఆట

కొనామి కంపెనీ 1988లో నింటెండో ఇంటి మెషీన్ మీదికి తెచ్చిన కాంట్రా ఆట మొత్తం 128 కిలోబైట్లు. అడవీ, జలపాతమూ, మంచుబయలూ, గ్రహాంతర రాక్షసుల గుహా, ఆ సంగీతమూ, తుపాకుల మోతా అన్నీ అందులోనే. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే పెళ్ళిపత్రిక ఫొటో అంతకన్నా బరువుంటుంది. పలమనేరు పక్కనున్న గంగవరం మొదలుకొని పుంగనూరు, మదనపల్లె, కుప్పం దాకా మా వైపు ఒక తరం పిల్లలు సైన్స్ ఫిక్షన్‌ను ఆ 128 కిలోబైట్లలో పరుగెత్తి నేర్చుకున్నారు. అది సైన్స్ ఫిక్షన్ అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆట పేరు తప్ప అందులో ఎవరి పేరూ వాళ్ళకు తెలీదు. ఆ సిరీస్ మొత్తాన్ని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తుంటే, అలా తెలియకపోవడం వల్ల మేం పోగొట్టుకున్నది పెద్దగా లేదనీ, ఆట అసలు బలం ఎక్కడుందో మాకు తొందరగా దొరికింది అందువల్లేననీ అనిపిస్తుంది.

కొనామి 1969లో ఒసాకాలో పుట్టింది. దాన్ని పెట్టిన కగెమాసా కోజుకి మొదట్లో చేసిన వ్యాపారం జూక్‌బాక్సులు అద్దెకివ్వడం, చెడిపోతే బాగుచేయడం. అక్కణ్ణుంచి నాణెం వేసి ఆడే ఆటల్లోకి దిగింది. కాంట్రా కూడా మొదట అలాంటి మెషీన్‌గానే 1987లో జపాన్ ఆటశాలల్లోకి వచ్చింది. తెర నిలువుగా ఉండేది. హాలీవుడ్‌లో కండల వీరుల కాలం అది. 1985లో రెండో రాంబో, 1986లో ఏలియన్స్, 1987లోనే ప్రిడేటర్. చొక్కా లేని సైనికుడు, దట్టమైన అడవి, ఛాతీలోంచి పుట్టుకొచ్చే పురుగులాంటి గ్రహాంతర జీవి: ఈ సరంజామా అంతా ఎక్కడిదో దాచాలని తయారుచేసినవాళ్ళు కూడా అనుకోలేదు. పెట్టె మీది బొమ్మలో ష్వార్జ్‌నెగర్ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆటతో పాటు ఇచ్చిన పుస్తకంలోని కథ ఇది. 2633వ సంవత్సరం. న్యూజీలాండ్ దగ్గర గలూగా దీవుల్లో రెడ్ ఫాల్కన్ అనే ముఠా తిష్ఠ వేసింది. దాన్ని మట్టుబెట్టడానికి బిల్ రైజర్, లాన్స్ బీన్ అనే ఇద్దరు బయల్దేరతారు. ఇది జపాన్‌లో చెప్పిన కథ. అమెరికాకు వచ్చేసరికి 2633 మాయమై, కథ వర్తమానంలోకి, దక్షిణ అమెరికా అడవుల్లోకి మారిపోయింది. యూరప్‌లో ఇంకా విచిత్రం. పిల్లల ఆటల్లో మనుషులను కాల్చడం మీద అక్కడ, ముఖ్యంగా జర్మనీలో, పట్టింపులెక్కువ. అందుకని 1990లో మనుషులను తీసేసి రోబోలను పెట్టి, ప్రొబొటెక్టర్ అని పేరు మార్చి అమ్మారు. బిల్, లాన్స్ స్థానంలో ఆర్‌డీ008, ఆర్‌సీ011 దిగారు. ఒకే ఆటకు మూడు చోట్ల మూడు కథలు. చిత్తూరు జిల్లాకు వచ్చింది నాలుగో రకం. అందులో కథే లేదు. పుస్తకమూ లేదు, పెట్టే లేదు. పసుపుపచ్చ క్యాసెట్, దాని మీద ఎక్కడిదో బొమ్మ.

తొంభైల నడిమికి మీడియా, లిటిల్ మాస్టర్, కొంచెం తర్వాత మితాషి అనే పేర్లతో నింటెండో మెషీన్‌కు నకళ్ళు మన దేశమంతా దొరికాయి. పలమనేరు బెంగుళూరు–మద్రాసు రోడ్డు మీది ఊరు. కుప్పానికి రైలుంది. ఆ రెండు మహానగరాల బజార్లలో దొరికేది ఏదైనా మా మూడు రాష్ట్రాల కూడలికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. డబ్బున్నవాళ్ళు కొన్నారు, లేనివాళ్ళు గంటకింతని ఇచ్చి ఆడారు. టీవీలో ఛానెల్ తిప్పి తిప్పి బొమ్మ పట్టుకోవడం దగ్గరే సగం పాండిత్యం తేలిపోయేది. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసుంటుంది, లోపల ఉండేవి ఇరవయ్యో ముప్పయ్యో. అవే తిరిగి తిరిగి వస్తాయి. జాబితాలో కాంట్రా ఒక్కసారితో సరిపెట్టుకోదు. ఒక వరసలో మామూలు కాంట్రా, ఇంకో వరసలో ముప్పై ప్రాణాల కాంట్రా, మరో వరసలో నేరుగా మంచు లెవెల్‌తో మొదలయ్యే కాంట్రా. మోసమే, కానీ మాకు ఉపకారం చేసిన మోసం. ఆటను దాచిపెట్టుకునే వీలు లేదు కాబట్టి కరెంటు పోతే ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ అడవి దగ్గరికే. ఆ రోజుల్లో పల్లెల్లో కరెంటు సంగతి తెలిసినవాళ్ళకు, ఏ వరసలోంచైనా మొదలుపెట్టే సదుపాయం ఎంత గొప్పదో చెప్పనక్కర్లేదు.

ఇక ఆ ఎనిమిది లెవెళ్ళు. ఒక్క మాట లేకుండా కథ నడపడం ఎలాగో అవి చెప్తాయి. అడవిలో ఎదురొచ్చేది మనుషులు, చివర కాంక్రీటు గోడ. తర్వాత కెమెరా మన వెనక్కి వస్తుంది, కరెంటు తీగలు అడ్డం పెట్టిన నడవల్లో స్థావరం లోపలికి పోతాం. మూడోది జలపాతం. అంతవరకూ పక్కకు జరిగిన తెర ఇప్పుడు పైకి జరుగుతుంది. బండలు దొర్లుతుంటాయి. శిఖరం మీద చేతులు చాచి కూచున్న ఒక ఆకారం, నోరు తెరిస్తేనే దెబ్బ తగులుతుంది. ఇది మనుషుల యుద్ధం కాదని అనుమానం మొదలయ్యేది అక్కడే. మళ్ళీ స్థావరం, తర్వాత మంచుబయలు, మంటలు చిమ్మే ఎనర్జీ జోన్, నేలలోంచి ముళ్ళు లేచే హ్యాంగర్. సైనికులు తగ్గుతూ యంత్రాలు పెరుగుతాయి. ఎనిమిదో లెవెల్లో యంత్రాలు కూడా ఉండవు. గోడలు మాంసం, నేల మాంసం. గుడ్లలోంచి పురుగులు దూకుతాయి. ఆ దారి చివర కొట్టుకుంటున్న ఒక గుండె. మనిషి నుంచి యంత్రానికి, యంత్రం నుంచి మాంసానికి ఈ దిగుడు చూశాక పుస్తకంలో కథ చదవాల్సిన పనేముంది? శత్రువు ఎవరన్నది లెవెల్ లెవెల్‌కూ కళ్ళ ముందే తేలిపోతోంది. హ్యాంగర్ దాటి ఆ గుహలో మొదటిసారి అడుగుపెట్టిన పిల్లవాడికి కలిగే జుగుప్స, అతనికి ఇంగ్లీషు వచ్చినా రాకపోయినా ఒకటే.

మనకు అప్పటికే ఆదిత్య 369 ఉంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు ఒక కాలయంత్రాన్ని 1526లోని శ్రీకృష్ణదేవరాయల దగ్గరికీ, 2504కూ తీసుకెళ్ళారు. ఆ సినిమాలో జనం గుర్తుపెట్టుకున్నది రాయల కాలం. 2504 కంటే విజయనగరం మనకు దగ్గరి చుట్టం. భవిష్యత్తులో కాలు మోపి అక్కడే అరగంట ఊపిరి బిగబట్టి నిలబడటం మాత్రం మా వైపు పిల్లలకు కాంట్రా వల్లే అలవాటైంది. ఆటను తెలిసినవాళ్ళు అరగంటలో ముగిస్తారు. ఆ అరగంట రావడానికే నెలలు పడుతుంది.

ఎందుకంటే ఒక్క బుల్లెట్టు తగిలితే చావు. రక్తం గీతలు తగ్గడం, మందు తాగి బాగుపడటం లాంటివేవీ లేవు. చస్తే చేతిలోని మంచి గన్ను కూడా పోతుంది. ప్రాణం పోయినందుకు కాదు, ఎస్ గన్ను పోయినందుకు ఏడ్చినవాళ్ళే ఎక్కువ. ఒక్క నొక్కుకు ఐదు గుండ్లు విసనకర్రలా విచ్చుకునే ఆ తుపాకీ, టర్బో బటన్ ఉన్న నకలు రిమోటుతో ఆడితే అసలు మెషీన్ మీద కంటే భయంకరంగా పనిచేసేది. ఈ ఒక్క విషయంలో జపాన్ పిల్లలకంటే మేమే అదృష్టవంతులం.

అసలు గొప్పతనం ఇద్దరు ఆడటంలో ఉంది. ఒకడి ప్రాణాలన్నీ అయిపోతే రెండోవాడి లెక్కలోంచి ఒకటి తీసుకోవచ్చు. అడగక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. అన్నదమ్ముల మధ్య, స్నేహితుల మధ్య దీనివల్ల జరిగిన తగాదాలకు అంతులేదు. జలపాతం దగ్గర ఇంకా ఘోరం. ఒకడు తొందరపడి పైకెక్కితే తెర జరుగుతుంది, కింద మిగిలినవాడు ఏ శత్రువూ లేకుండానే చచ్చిపోతాడు. "రేయ్, ఆగరా, నేనింకా కిందే ఉండా" అనే కేక వినని ఇల్లు లేదు. పక్కవాడి వేగంతో నీ వేగం కలపడం అనే పాఠాన్ని ఇంత కరుగ్గా చెప్పిన ఆట నాకు ఇంకోటి తెలీదు.

ఇక ఆ మంత్రం: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. మూడు ప్రాణాలు ముప్పై అవుతాయి. ఇది కాంట్రా కోసం పుట్టింది కాదు. కొనామిలో కజుహిసా హషిమోతో 1986లో గ్రాడియస్ అనే విమానాల ఆటను ఇంటి మెషీన్‌కు మారుస్తూ, పరీక్షించేటప్పుడు దాన్ని తనే దాటలేక ఈ కిటుకు పెట్టుకున్నాడు. తీసేయకుండానే ఆట బజార్లోకి వచ్చేసింది. హషిమోతో 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. సొంత ఆటను తనే ముగించలేకపోయినవాడి పుణ్యాన కోట్ల మంది పిల్లలు రెడ్ ఫాల్కన్ గుండె దాకా వెళ్ళారు.

మొదటి ఆట తర్వాత వరస మాకు తిన్నగా అందలేదు. సూపర్ కాంట్రా అవే క్యాసెట్లలో దొరికేది. బాగుంటుంది, ముప్పై ప్రాణాల మంత్రం మాత్రం పనిచేయదు, అందులోది వేరే మంత్రం, వచ్చేవి పదే ప్రాణాలు. 1992లో కాంట్రా ఫోర్స్ అనే ఒకటొచ్చింది. అది వేరే ఆట, పేరు మాత్రం దీనిది తగిలించారు. వదిలేద్దాం. అదే ఏడు సూపర్ నింటెండో మీద వచ్చిన మూడో కాంట్రా, దానికి రెండేళ్ళకు మెగా డ్రైవ్ మీద వచ్చిన హార్డ్ కోర్స్ ఈ సిరీస్ శిఖరాలు. రెండింటి వెనకా నొబుయా నకజాతో ఉన్నాడు. మా ప్రాంతంలో చాలామంది వీటిని చూసింది నెట్ సెంటర్లొచ్చాక, ఎమ్యులేటర్ల మీదే. మూడోదాంట్లో కూలిన నగరంలో మొదలవుతాం, రెండు గన్నులు మోస్తాం, గాల్లో వేలాడుతూ కాలుస్తాం, ఒక చోట ఎగిరే క్షిపణుల మీద నుంచి క్షిపణుల మీదికి దూకుతాం. హార్డ్ కోర్స్‌లో నలుగురు వీరులు, వాళ్ళలో ఒకడు తోడేలు మొహంవాడు, ఒకటి బుల్లి రోబో. దారి రెండుగా చీలుతుంది, ముగింపులు చాలా. లోకం మూడోదాన్ని నెత్తిన పెట్టుకుంటుంది, నా ఓటు మాత్రం హార్డ్ కోర్స్‌కు. జపాన్‌లో అమ్మిన హార్డ్ కోర్స్‌లో మూడు దెబ్బలు తట్టుకోవచ్చు, అమెరికాలో అమ్మినదాంట్లో ఒక్క దెబ్బకే పోతాం. దయ చూపని రకమే మేలని నేను వాదిస్తాను, నా స్నేహితులు ఒప్పుకోరు.

ఆ తర్వాత పతనం. తొంభైల రెండో సగంలో ప్రతి ఆటా త్రీడీ కావాలని లోకం పట్టుబట్టింది. కొనామి పనిని అప్పలూసా అనే బయటి కంపెనీకి అప్పగించింది. 1996లో వచ్చిన లెగసీ ఆఫ్ వార్‌తో ఎరుపు నీలం అద్దాల కళ్ళజోడు కూడా ఇచ్చారు. 1998 నాటిదాన్ని జపాన్‌లో అమ్మనే లేదు. కాంట్రాలో బుల్లెట్టు ఎక్కణ్ణుంచి వస్తోందో ఎప్పుడూ తెలుస్తుంది. చస్తే తప్పు నీదే. త్రీడీలో ఆ న్యాయం పోయింది.

2002లో నకజాతో తిరిగొచ్చి షాటర్డ్ సోల్జర్ చేశాడు. ఆట మళ్ళీ పక్కకు జరిగే తెర మీదికి వచ్చింది, కథ చీకటిదైంది. బిల్ రైజర్ ఇప్పుడు నేరస్థుడు, పదివేల ఏళ్ళ శిక్ష పడి మంచులో గడ్డకట్టి ఉన్నవాడు. స్నేహితుణ్ణి చంపాడన్న నింద మీదుంది. ఆ స్నేహితుడు లాన్స్ బతికే ఉన్నాడు, ఎదుటి పక్షానికి నాయకుడు కూడా. జలపాతం మీద ఒకణ్ణొకడు వదిలి పైకెక్కిన మా అందరికీ ఆ మలుపు అన్యాయంగా ఏమీ అనిపించలేదు.

2007లో వేఫార్వర్డ్ చేసిన నాలుగో కాంట్రా రెండు తెరల చేతిమెషీన్ మీద పాత పద్ధతిని నిలబెట్టింది. 2011 నాటి హార్డ్ కోర్స్ అప్‌రైజింగ్ బొమ్మలు అందంగా ఉంటాయి. 2019లో పాతవాటిని కలిపి ఒక సంకలనం వచ్చింది. కొనాల్సింది అదే. అందులో జపాన్ కాంట్రా కూడా చేరింది. క్యాసెట్‌లో ప్రత్యేకంగా పెట్టిన చిప్ పుణ్యాన ఆ రకంలో అడవి ఆకులు ఊగుతాయి, మంచు నిజంగా కురుస్తుంది, లెవెళ్ళ మధ్య మ్యాప్ కనిపిస్తుంది. అదే ఏడు సెప్టెంబరులో వచ్చిన రోగ్ కోర్ గురించి అభిమానులు మాట్లాడుకోవడం మానేశారు.

2024 మన సైన్స్ ఫిక్షన్‌కు పెద్ద ఏడు. జూన్‌లో నాగ్ అశ్విన్ తన సినిమాతో మనల్ని 2898కి తీసుకెళ్ళాడు. దానికి మూడు నెలల ముందు, మార్చిలో, కాంట్రా తిరిగి 2633కు, గలూగా దీవులకే వెళ్ళింది. ఆపరేషన్ గలూగా మొదటి ఆటకు కొత్త రూపం, చేసింది మళ్ళీ వేఫార్వర్డే. దెబ్బలు తట్టుకునేలా ఆడొచ్చు, ఒక్క దెబ్బకే పోయేలా పెట్టుకోనూ వచ్చు. బిల్, లాన్స్ ఇప్పుడు మాట్లాడతారు, కబుర్లు చెప్పుకుంటారు, ఎవరెవరో ఎందుకొచ్చారో వివరిస్తారు. స్టోరీ మోడ్‌లో ఇద్దరికే చోటు. ఆర్కేడ్ మోడ్‌లో మాటలుండవు, నలుగురు ఆడొచ్చు. మా వాళ్ళెవరూ ఇంతవరకూ స్టోరీ మోడ్ జోలికి పోలేదు.