కుప్ప ఎరువు, ఎర్రల ఎరువు

జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అనగానే మనకు గుర్తుకొచ్చేది తారలే. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు ఆ అంచున అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పిన నాటికి అక్కడ కనిపించేవి ఎక్కువగా బండరాళ్ళ గుట్టలే. రాతి మీద మట్టి పలుచన. అటువంటి చోట తోట పెంచాలంటే ముందు మట్టిని పెంచుకోవాలి. మరి ఏ ఎరువుతో?

1924లో ఇండోరు చేరిన ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి కుప్ప ఎరువుకొక పద్ధతి ఏర్పరచి 1931లో గ్రంథస్థం చేశాడు. కుప్ప అరవై డిగ్రీల దాకా వేడెక్కుతుంది. రోగకారకాలు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. వేడినోర్చే సూక్ష్మజీవులే నిలుస్తాయి. చల్లారాక కొత్తవి వచ్చి చేరతాయి.

వానపాముల గొప్పతనాన్ని డార్విన్ 1881లోనే చాటాడు. ఎర్రలు అంత వేడికి బతకవు. కనుక వాటి ఎరువు చల్లగానే తయారవుతుంది. అక్కడ సూక్ష్మజీవులను జల్లెడ పట్టేది వేడి కాదు, వాటి పేగు.

రెంటిలో వైవిధ్యం దేనిది ఎక్కువ? గాజు పళ్ళెంలో పెరిగేవి కొద్ది జీవులే కనుక ఈ లెక్క చాలాకాలం తేలలేదు. 1977లో కార్ల్ వోస్ రైబోసోము ఆర్‌ఎన్‌ఏతో జీవుల వంశవృక్షాన్ని గీసిన తరువాతే దారి తెరుచుకున్నది. పలు పరిశోధనలలో ఎర్రలదే పైచేయి. అయినా వేసిన చెత్తను బట్టి ఫలితం మారుతుంది. ముందు కుప్పలో వేడెక్కించి, చల్లార్చి, ఆపై ఎర్రలకు అప్పగిస్తే రెండు లాభాలూ దక్కుతాయి.

రాలిన ఆకులకు వీధిలో నిప్పు పెట్టేవారికి మాత్రం ఈ చర్చతో పనిలేదు. బూడిదలో ఏ వైవిధ్యమూ మిగలదు.