పచ్చికలోని ఖనిజములు: ఒక చరిత్ర

స్టేషన్ ఘనపూర్ వంటి చెలక నేలల పల్లెలలో ఎండకాలమున పశువు ఎముకను నమలుచుండగా చూచినచో, అది దురలవాటని కాపరి అదలించును. నిజమునకు అది తరచుగా మేతలోని కొరతను తెలుపు గుర్తు. శాస్త్రజ్ఞులకైనను ఈ సంగతి వెంటనే బోధపడలేదు.

దక్షిణాఫ్రికాలో ఎముకలు కొరికిన పశువులు పక్షవాతముతో చచ్చుచుండెడివి. ఆర్నల్డ్ థైలర్ అను పశువైద్యుడు 1920 ప్రాంతమున దీని మర్మమును విప్పెను. చంపునది కళేబరమందలి విషము. ఎముకపై ఆశ పుట్టించునది గడ్డిలో భాస్వరపు కొరత. ఎముకల పొడి తినిపించగా ఆ ఆశ తగ్గెను, మరణములును తగ్గెను.

1935లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, పుష్కలముగా మేయుచునే గొఱ్ఱెలు చిక్కిపోవుటకు కోబాల్టు లోపము కారణమని తేల్చిరి. 1938లో ఇంగ్లండులో ఇందుకు విరుద్ధమైన సంగతి బయటపడినది. సోమర్సెట్ బయళ్ళలో పచ్చికయందు మాలిబ్డినము అధికమై పశువులకు విరేచనములు కలుగుచుండెను. మాలిబ్డినము రాగిని దేహమునకు అందనీయదు. కావున మైలుతుత్తము కొద్దిమాత్రముగ ఇచ్చుటయే చికిత్స అయినది.

మన ప్రాంతమునకు వత్తము. 1934లో మహాజన్ అను పరిశోధకుడు నాటి హైదరాబాదు రాజ్యములో కొన్నిచోట్ల పశువుల ఎముకల వ్యాధిని వర్ణించెను. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా ప్రజలలో అట్టి వ్యాధిని పరిశీలించి, అది ఫ్లోరోసిస్ అని గుర్తించిరి. ఇచట ప్రధాన దోషి గడ్డి కాదు, బావినీరు. కాని కథ అంతటితో ముగియలేదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ జిల్లా యువకులలో మోకాళ్ళు లోనికి వంగు వికృతిని వెల్లడించిరి. వ్యాధిగల గ్రామముల జొన్నలలో మాలిబ్డినము హెచ్చుగా ఉన్నట్లు తరువాత తేలినది. జొన్నయు గడ్డి కుటుంబములోనిదే కదా! సోమర్సెట్ పచ్చికలో కనిపించిన మూలకమే మన అన్నములోను ఎదురైనది.

ఒకే నేలలో పెరిగినను అన్ని మేతలు సమానము కావు. ఉలవ, పిల్లిపెసర వంటి కాయజాతి మేతలలో కాల్షియము గడ్డికంటె మెండు. లేతగడ్డి ముదిరి గింజ పట్టుకొలది దానిలో భాస్వరము తగ్గును. కనుకనే వేసవి బీటిలో కడుపు నిండిన పశువునకును కొరత తీరదు.

ఉపాధ్యాయులు ఒక ప్రయోగము చేయింపవచ్చును. ఎండిన గరికను, వరిగడ్డిని సమానముగ తూచి, విడివిడిగా మూసలలో కాల్చి, బూడిదలను తూచవలెను. వరిగడ్డి బూడిద ఎక్కువగా వచ్చినచో అది బలమైన మేత యని విద్యార్థులు భ్రమింపరాదు. అందు అధికభాగము సిలికా. బూడిద యెంత అనుటతోపాటు, అందేమున్నదని కూడ అడుగుట వారికి నేర్పవలెను.